కొసరుగా ఇచ్చిన తేనెపిట్ట

ఒక్క హమ్మింగ్‌బర్డ్ కూడా ఎగరని దేశంలో, హమ్మింగ్‌బర్డ్‌లకు చక్కెర నీళ్లు తాగించే సీసాలు అరడజను కొన్నాను. అదీ అడిగిన ధరలో మూడో వంతుకు. ఇంగ్లండు మొత్తంలో నాకంటే చవగ్గా వాటిని కొన్నవాడు ఎవడైనా ఉంటే ముందుకు రమ్మనండి. రాడు. నేను తప్ప ఇంకెవడూ కొని ఉండడు కదా.

బేసింగ్‌స్టోక్ ఊరి బయట ఒక పొలంలో ఎండాకాలం ఆదివారాల్లో కార్ బూట్ సేల్ జరుగుతుంది. ఇంట్లో అక్కరలేని సామానంతా జనం కారు డిక్కీల్లో వేసుకొచ్చి, మడత బల్లల మీద పరిచి అమ్ముకుంటారు. మా ఆవిడ దాన్ని చెత్త సంత అంటుంది. నాకు మాత్రం ఈ దేశంలో ఊపిరాడే చోటు అదొక్కటే. మిగతా అన్నిచోట్లా ధర చీటీ మీద అచ్చేసి ఉంటుంది, మనిషితో పనిలేదు. ఇక్కడ ఒక వస్తువు చేతిలోకి తీసుకుని, మొహం కాస్త చిట్లించి, "ఎంత?" అని అడగొచ్చు.

ఆ రోజు ఒక ముసలాయన బల్ల కింద అట్టపెట్టె కనబడింది. పెట్టె మీద బొమ్మ: పచ్చని వీపు, ఎర్రని గొంతు, పొడుగాటి ముక్కు, గాల్లోనే నిలబడి పువ్వులో ముక్కు పెట్టిన పిట్ట. నాకు తెలిసిన పిట్టే అనుకున్నాను. మా ప్రొద్దుటూరు ఇంటి పెరట్లో మందారం మీదికి పొద్దున్నే వచ్చే తేనెపిట్ట. బళ్లో మా ఇంగ్లీషు అయ్యవారు దాన్నే హమ్మింగ్‌బర్డ్ అని చెప్పాడు. ఆ తర్వాత నన్ను దిద్దినవాళ్లు లేరు.

కావలసిన వస్తువు వైపు చూడకూడదు. అందుకని పక్కనున్న పగిలిన టీ కెటిల్ ఎత్తి, అటూ ఇటూ తిప్పి, నిట్టూర్చి కింద పెట్టాను. అప్పుడు, పోతూ పోతూ అడిగినట్టు, "ఆ పెట్టెలో ఏముంది?" అన్నాను. అమెరికాలో ఉన్న చెల్లెలు ఎప్పుడో పంపిందట. ఆరు సీసాలు, పదిహేను పౌండ్లు అన్నాడు. బేరం ఏడు దాకా వచ్చాక, ఆయన నవ్వి, "నిజం చెప్పాలంటే వీటితో ఇక్కడ పెద్దగా పనుండదు" అన్నాడు. అమ్మేవాడు తన సరుకుని తానే తక్కువ చేసి మాట్లాడుతుంటే వదులుకునే రకం కాదు నేను. ఆ మాట పట్టుకుని ఇంకో రెండు పౌండ్లు తెగ్గోశాను. పైగా, "కొసరేమీ లేదా?" అన్న అర్థం వచ్చేట్టు ఏదో ఇంగ్లీషులో అడిగి, సీసాలు కడిగే చిన్న బ్రష్షు కూడా లాగాను. ఆయన నాతో చెయ్యి కలిపి, "గుడ్ లక్" అన్నాడు. ఇంత మర్యాదగా ఓడిపోయే మనిషిని నేను చూడలేదనుకుంటూ కారెక్కాను.

ప్రొద్దుటూరులో మా నాయనది స్టీలు సామాన్ల అంగడి. ఒక పక్క బట్టల అంగడి, ఇంకో పక్క పూజ సామాన్ల అంగడి, ఎదురుగా బంగారం. బిందెల మధ్య పాకాను, గరిటెల లెక్కతో కూడికలు నేర్చుకున్నాను. బడిలో చెప్పని చదువు రెండు ముక్కలు అక్కడ వంటబట్టాయి. ఒకటి బోణీ. పొద్దున జరిగే మొదటి బేరం అది. బోణీకి వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపకూడదు, అప్పివ్వకూడదు, ఊరికే ఇవ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి బోణీ అయిన సరుకు వెనక్కి తీసుకోకూడదు. రెండోది కొసరు. బేరం ముగిశాక కొనేవాళ్లు చెయ్యి చాపి "కొసరేదీ?" అంటారు. ఒక చెంచానో, చిన్న మూతో వాళ్ల సంచిలో పడాలి. "చేతిలో ఏమీ లేకుంటే రెండు మంచి మాటలన్నా చెప్పి పంపు. అదీ కొసరే" అనేవాడు నాయన. ఆయన చెప్పే మాటలు నిజంగా పనికొచ్చేవి: ఇత్తడి దేనితో తోమితే మెరుస్తుంది, గిన్నె అడుగు మాడితే ఏం చెయ్యాలి, అట్లాంటివి. మాట కొసరులో ఆ షరతు ఉందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఇంటికి రాగానే ఒక సీసా కడిగి, చక్కెర నీళ్లు పోసి, పెరట్లో లావెండర్ మొక్క పైన కొక్కేనికి వేలాడదీశాను. ఎర్రటి పళ్లెం, దాని చుట్టూ ప్లాస్టిక్ పూలు, పూల మధ్య సన్నటి చిల్లులు. మర్నాటికి కందిరీగలు వచ్చాయి. ఆ మర్నాటికి వాటి చుట్టాలు వచ్చాయి.

"బాగుంది, కందిరీగలకు సత్రం కట్టించారు" అంది మా ఆవిడ, కిటికీ మూస్తూ.

"తేనెపిట్టలు చూసి రావద్దూ? కొత్త చోటు కదా."

"మీకు చెప్పి వస్తామన్నాయా?"

అప్పుడొక మధ్యాహ్నం అది వచ్చింది. ఇంటి నుంచే పనిచేస్తున్నాను. చెవులకు హెడ్‌సెట్, అవతల ఎవరో గొణుగుతున్నారు. లావెండర్ పూల ముందు ఏదో గాల్లో నిలబడి ఉంది. రెక్కలు కనబడటం లేదు, మసకగా చక్రంలా తిరుగుతున్నాయి. పొడుగాటి ముక్కు ఒక పువ్వులో దించి, తీసి, పక్క పువ్వుకు జరిగింది. రెక్కల్లో నారింజరంగు తళుక్కుమంది. నేను లేచేలోపే వెళ్లిపోయింది. సీసా వైపు కన్నెత్తి కూడా చూడలేదన్న సంగతి నేను పట్టించుకోలేదు. కొనేవాడు అంగడి మెట్టెక్కితే చాలు, ఇవాళ కాకపోతే రేపు కొంటాడు.

ఇక పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఇంతవరకూ నవ్వుకుంటూ వచ్చాను గానీ, చెప్పాల్సింది ఇక్కణ్నుంచే.

మా ఎదురింట్లో పులివెందుల కుర్రాడు ఉంటాడు. మా ఆఫీసే, నా టీమే. వాళ్లమ్మ ఆ ఎండాకాలం ఆరు నెలల వీసా మీద వచ్చింది. మొదటిసారి కలిసినప్పుడు, ఇక్కడి అలవాటు కొద్దీ "ఆంటీ" అన్నాను.

"ఆంటీ ఏంది నాయనా? మన ప్రొద్దుటూరోనివి. నోరారా పెద్దమ్మా అను" అంది.

అప్పట్నుంచి పెద్దమ్మే. పగలంతా కొడుకూ కోడలూ పనిలో, పిల్లలు బడిలో. టీవీ అర్థం కాదు, రోడ్డు మీద మనిషి అలికిడి ఉండదు. అందుకని మా ఇంటికి వచ్చేది, కొంగు చాటున ఏదో ఒకటి పట్టుకుని. ఎప్పుడు వచ్చినా ఆమె మాట్లాడేది ఒక్క విషయమే: సముద్రం. కొడుకు ఆగస్టులో నాలుగు రోజులు డెవాన్ తీరానికి తీసుకుపోతానన్నాడు, ఉండటానికి కారవాన్, అంటే చక్రాల మీది ఇల్లు, బుక్ చేశాడు. ఆమె సముద్రాన్ని ఒక్కసారి చూసిందట, భర్త వైద్యానికి మద్రాసు పోయినప్పుడు, బస్సు కిటికీలోంచి.

"ఆయప్పను ఆస్పత్రికి తోలుకపోతాంటిమి. దిగి కాళ్లు తడుపుకుందామని ఎట్లంటా? ఆయన పాయె, ఆ సముద్రం ఆడనే నిలిచిపాయె" అనేది.

తడి ఇసకలో జారకుండా ఉండేందుకు నీలం రంగు రబ్బరు బూట్లు కొనిపించుకుంది. వాటిని వాళ్ల గుమ్మం పక్కనే, బయటికి ముఖం పెట్టి ఉంచింది. వెళ్లడానికి ఇంకా వారాలున్నాయి అప్పటికి.

ఒకరోజు పొద్దున చెనిక్కాయ ఉంటలు, అవే వేరుశనగ లడ్లు, తెచ్చి, పెరటి తలుపు దగ్గర ఆగిపోయింది.

"అదేంది నాయనా, చెట్టుకు సెలైన్ ఎక్కిస్తాండావా?"

"తేనెపిట్టలకు పెద్దమ్మా. చక్కెర నీళ్లు."

"ఈడ గూడా వస్తాయా?"

"మొన్న వచ్చింది. నా కండ్లతో చూసినా."

ఆమె మొహం మారిపోయింది. "మా పెరట్లో మందారానికి వస్తాండె. వక్కాకు నములుకుంటా దాన్నే చూస్తాంటి. ఈ దేశానికి వచ్చినాక కాకి తప్ప నాకు తెలిసిన మొగం ఒగటీ లేదప్పా." సీసా వైపు వేలు చూపించి, "నాకొగటి ఇస్తావా? ఎంత?" అంది.

షెడ్‌లో ఐదు ఉన్నాయి. ఒకటి తెచ్చి చేతిలో పెడితే సరిపోయేది. ఎవరైనా అదే చేసేవారు. కానీ ఆమె "ఎంత?" అంది. ఆ మాట చెవిన పడితే చాలు, నా కాళ్లు వాటంతటవే వెళ్లి గల్లాపెట్టె వెనక నిలబడతాయి.

"ఐదు పౌండ్లు."

"ఐదా! ఈ గాజు బుడ్డికా? లోపల కల్లు పోసిస్తావా ఏంది?"

"అమెరికా సరుకు పెద్దమ్మా."

"అమెరికా అయితే అమెరికాలో అమ్ముకో. రెండు."

"నీ మొహం చూసి నాలుగు."

"నా మొహం చూస్తే నాలుగే తగ్గాల. మూడు. లేదంటే నా ఉంటలు నాకియ్యి, పోతా."

ఇద్దరం నవ్వాం. ఆమె కూడా చాలా రోజులకు బేరమాడింది, అది కళ్లలో తెలుస్తూనే ఉంది. కొంగు ముడి విప్పి, కొడుకిచ్చిన నాణేల్లోంచి మూడు తీసి నా అరచేతిలో పెట్టింది. నేను వాటిని కళ్లకద్దుకుని, "బోణీ పెద్దమ్మా. ఇంక వెనక్కి తీసుకునేది లేదు" అన్నాను.

"కొసరేదీ?" అంది చెయ్యి చాపి.

నా దగ్గర ఉన్నది ఒక్క బ్రష్షు. అది నాకు కావాలి. అందుకని మాట ఇచ్చాను.

"ఒక రహస్యం చెప్తా విను. దాన్ని రోజూ నీ చేత్తోనే నింపాల. ఒక్కరోజు తప్పినా తేనెపిట్ట అలిగి ఇంకో ఇల్లు చూసుకుంటాది. చెయ్యి మారినా కనిపెడతాది. రాదింక."

ఎక్కడా చదివింది కాదు, ఎవరూ చెప్పింది కాదు. నోటికొచ్చింది, చెప్పాను. చెప్తుంటే ఎంతో అందంగా అనిపించింది. ఆమె తలూపి, ఆ సీసాను రెండు చేతులతో పట్టుకుని రోడ్డు దాటింది. ఒక్క సీసాతో పెట్టుబడిలో సగానికి పైగా రాబట్టానని ఆ పూట మా ఆవిడకు గొప్పగా చెప్పుకున్నాను. పెద్ద మనిషి దగ్గర డబ్బులు తీసుకున్నారా అని అడిగి, ఆమె ఉంటల డబ్బా మూత పెట్టేసింది.

మా అమ్మాయికి పదమూడేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. నేను భోజనాల దగ్గర నా పిట్ట కథ మళ్లీ చెబుతుంటే, ఫోన్లోంచి తలెత్తి, "డాడ్, దేర్ ఆర్ నో హమ్మింగ్‌బర్డ్స్ ఇన్ బ్రిటన్. లైక్, జీరో" అంది.

"నేను చూశానమ్మా."

ఫోన్ తిప్పి చూపించింది. అదే నారింజరంగు రెక్క, అదే పొడుగాటి ముక్కు. కాకపోతే అది ముక్కు కాదు, పురుగు మూతికి ఉండే గొట్టం. దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగుల జాతిది. పగలు తిరుగుతుంది, హమ్మింగ్‌బర్డ్‌లా గాల్లో నిలబడుతుంది, కాబట్టి దాని పేరులో కూడా ఆ పిట్ట పేరే కలిపారు. ఎండాకాలం ఫ్రాన్స్ వైపు నుంచి వస్తుంది. అసలు పిట్టలేమో అమెరికా ఖండాలు దాటవు. మా పెరటి తేనెపిట్ట మళ్లీ వేరే జాతి, వీటికి చుట్టం కూడా కాదు.

"ఇట్స్ ఎ మాత్, డాడ్" అంది, ఓదారుస్తున్నట్టు.

పొలంలో ఆ ముసలాయన నవ్వు అప్పుడు అర్థమైంది. ఆయన నాకు ఉన్న నిజం చెప్పాడు. నేను దాన్ని ధర తగ్గించడానికి వాడుకున్నాను.

"పెద్దమ్మకు ఇప్పుడే వెళ్లి చెప్పండి. ఆ మూడు పౌండ్లు ఇచ్చేసి రండి" అంది మా ఆవిడ.

"బోణీ సరుకు వెనక్కి తీసుకోకూడదే..."

"మీ బోణీ తగలెయ్య!"

వెళ్లలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. బోణీ అన్నది ఒక సాకు. ప్రొద్దుటూరు అంగడిలో పుట్టినవాడు పనికిరాని సరుకు కొన్నాడని, దాన్ని తన వైపు మనిషికే అంటగట్టాడని ఒప్పుకోవాలి కదా, అదీ అసలు బాధ. ఎదురుగా కనబడ్డప్పుడల్లా ఆమె అడిగేది.

"నాయనా, నాకు రాలేదే?"

"చోటు మార్చి చూడు పెద్దమ్మా. ఎండ తగలాల."

ఎండలోకి మార్చింది. రాలేదు. చక్కెర ఎక్కువైందేమో అన్నాను. తగ్గించింది. రాలేదు. ఊదారంగు పూలంటే దానికిష్టం అన్నాను, పురుగు లావెండర్ మీదే వాలింది కాబట్టి ఆ ముక్కలో కొంచెం నిజముందని నాకు నేను సర్దిచెప్పుకుంటూ. కొడుకుతో చెప్పి లావెండర్ కుండీ తెప్పించి సీసా కింద పెట్టింది. ఒక్కో అబద్ధానికీ ఆమె ఒక్కో పని చేసేది. రోజూ పొద్దున, తలకు కొంగు చుట్టుకుని, కందిరీగల మధ్య చెయ్యిపెట్టి సీసా దించి, కడిగి, నింపి మళ్లీ తగిలించేది. ఒకసారి చూపుడువేలు బొద్దుగా వాచి ఉంది.

"కుట్టిందా పెద్దమ్మా?"

"రొంతలే. సున్నం దొరకదు గదా ఈడ, పండ్లు తోముకునే పేస్టు పూసినా. పిట్ట రావాలంటే రొంత ఓర్చుకోవాల గదా."

నేను ఆ వేలి వైపు చూడకుండా, ఏదో కాల్ ఉందని లోపలికి వెళ్లిపోయాను.

డెవాన్ వెళ్లే రోజు వచ్చింది. పొద్దున్నే ఎదురింటి కుర్రాడు మా తలుపు కొట్టాడు.

"అన్నా, మా యమ్మ రానంటాంది. నీళ్లు మానేస్తే పిట్ట అలుగుతాదంట, ఇన్ని దినాల కష్టం పోతాదంట. ఎంత చెప్పినా వినలే. నువ్వన్నా చెప్పన్నా, నీ మాటంటే గురి."

వెంటే వెళ్లాను. కారు డిక్కీ తెరిచి ఉంది, పిల్లలు అప్పుడే లోపల కూర్చున్నారు. కోడలు సంచులు సర్దుతూ ఆగి నా వైపు చూసింది. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో చక్కెర నీళ్ల చెంబు. ఆమె కాళ్ల పక్కన నీలం బూట్లు, చీటీ కూడా తియ్యలేదు.

"నువ్వు పో పెద్దమ్మా. నేను నింపుతాలే రోజూ" అన్నాను.

"చెయ్యి మారితే రాదని నువ్వే గదా నాయనా చెప్పింది?"

నిజమే. కొసరు నాదే.

అందరూ నన్నే చూస్తున్నారు. ఒక్క మాట చాలు: ఈ దేశంలో ఆ పిట్ట లేదు పెద్దమ్మా, కారెక్కు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అయితే ఆమె పక్కన ఆ కుర్రాడు ఉన్నాడు. నా టీమ్ వాడు. సెలవు నుంచి రాగానే ఆఫీసు టీ దగ్గర ఈ కథ నవ్వుతూ చెబుతాడు. పెద్ద బేరగాడు అనిపించుకున్నవాడు పిట్టల్లేని దేశంలో పిట్ట సీసాలు కొని, మా యమ్మకే అమ్మినాడు అని. నేను తూకం వేశాను. సిగ్గుపడాల్సిన సంగతి ఇదే, తూకం వెయ్యడం. ఒక పక్క ఆ నవ్వులు, ఇంకో పక్క ఆ బూట్లు. నా వేలు ఎటు నొక్కిందో చెప్పనక్కర్లేదు.

"పోనీలే, సముద్రానికి మళ్లీ ఎప్పుడన్నా పోవచ్చు" అన్నాను. ఊరికే నోరు మూసుకున్నా బాగుండేది.

"అదే నేను చెప్తాండేది!" అంది పెద్దమ్మ, కొడుకు భుజం తట్టి. "సముద్రం యాడికి పోతాది? ఆడనే ఉంటాది. పిట్ట అయితే ఎగిరిపోతాది. పోండి, పోండి, పిల్లోళ్లను నీళ్లకాడ జాగర్తగా చూసుకోండి."

కారు మలుపు తిరిగేదాకా చెంబు పట్టుకునే చెయ్యి ఊపింది.

ఆ రోజుల్లో మేము ఆమెకు భోజనం పట్టుకెళ్లేవాళ్లం. నిజానికి మా ఆవిడ వండేది, నేను మోసేవాణ్ని. మా ఆవిడ నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. పెద్దమ్మ పెరటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కదలకుండా, పరీక్ష హాల్లో పిల్లలా కూర్చునేది. ఫోన్లో కొడుకు సముద్రం చూపించేవాడు. ఆమె ఒక కన్ను ఫోన్ మీదా ఒక కన్ను సీసా మీదా పెట్టి, "ఆ, ఆ, బాగుండాది" అనేది.

ఆదివారం మధ్యాహ్నం రోడ్డు అవతల నుంచి కేక వినిపించింది.

"నాయనా! రా, రా! వచ్చింది!"

చెప్పులు లేకుండానే పరిగెత్తాను. ఆమె కిటికీ దగ్గర నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కుండీలో లావెండర్ ముందు, అది గాల్లో నిలబడి ఉంది. నారింజ రెక్క, బూడిదరంగు ఒళ్లు. దగ్గర్నుంచి చూస్తే తల మీద రెండు మీసాలు స్పష్టంగా తెలుస్తున్నాయి.

"చిన్నది అయిపోయింది పాపం, చలి దేశం గదా" అంది గుసగుసగా. కళ్లమ్మట నీళ్లు. "ఆయప్ప ఉండింటే చూపిస్తాంటి."

ఇక్కడ వదిలేయవచ్చు. సరుకు చేరింది, కొన్న మనిషి తృప్తిపడింది, ఏ అంగడివాడైనా ఇక్కడ గల్లాపెట్టె మూస్తాడు. నేనూ మూసేవాణ్నే. కానీ ఆమె ఇంకో మాట అంది.

"నువ్వు చెప్పినట్ల చేస్తి, వచ్చింది చూడు. మావాడు కోప్పడె, కోడలు ముఖం మాడ్చుకునె, అయినా నీ మాట పట్టుకుంటి."

"పెద్దమ్మా, అది పిట్ట కాదు" అన్నాను.

ఆమె తల తిప్పలేదు. "ఏంది మల్ల?"

"పురుగు. రెక్కల పురుగు. నేను ముందు చూసిందీ ఇదే. పిట్ట అనుకున్నా."

"మరి పిట్ట ఎప్పుడొస్తాది?"

"రాదు. ఈ దేశంలోనే లేదు."

పురుగు పక్క పువ్వుకు జరిగింది. నాకు తెలిసిన తిట్లన్నీ ఆమె నోటి నుంచి వస్తే బాగుండుననిపించింది.

"ఒక్క దినం తప్పినా రాదంటివే, చెయ్యి మారితే రాదంటివే, అది?"

"కొసరుకు... ఊరికే చెప్పినా."

"నీకు ఎప్పుడు తెలుసు?"

ఈ ప్రశ్న అడగకపోతే బాగుండునని ఎంతో అనుకున్నాను. "మీవాళ్లు పోకముందే తెలుసు."

ఆమె లేచింది. పెరట్లోకి వెళ్లి సీసా దించి, నీళ్లు మొక్క మొదట్లో పోసింది. వంటింట్లో కుళాయి కింద శుభ్రంగా కడిగి, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది. నేను జేబులోంచి మూడు పౌండ్లు తీశాను.

"వద్దు. బోణీ అంటివి గదా. వెనక్కి తీసుకోగూడదు, ఉంచుకో" అంది. గొంతులో కోపం లేదు, నవ్వూ లేదు. "ఆ కొసరు మాత్రం నాకొద్దు నాయనా. ఎత్తుకోని పో."

"బోర్న్‌మత్ ఇక్కడికి గంట దూరమే. ఇప్పుడే కారు తీస్తా పెద్దమ్మా. సముద్రం చూసి చీకటి పడకముందే వచ్చేద్దాం."

"నీతోనా?" అంది, ఆశ్చర్యపోయినట్టు. ఆ తర్వాత, మెత్తగా, "వాడు గుమ్మంలో అంత బతిమలాడె. వాడు లేకుండా నీ కార్లో పోయి చూసొచ్చినానని వానికి ఏమని చెప్పాల? పో నాయనా, అన్నం తిను పో" అంది.

వాళ్లు డెవాన్ నుంచి తిరిగొచ్చిన మర్నాడు ఆ కుర్రాడు ఆఫీసులో నా దగ్గరికి వచ్చాడు. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"థాంక్సన్నా. మా యమ్మ చూసిందంట గదా. లావెండర్ మీదికి వచ్చిందంట. ఆ మాత్రం ఆశ తీరింది."

ఆమె కొడుక్కి చెప్పలేదు. ఏదో వచ్చింది, చూశాను అని మాత్రం చెప్పి ఊరుకుంది. అప్పుడైనా నేను నోరు తెరిచి నిజం చెప్పొచ్చు. "ఆ, చూసింది" అన్నాను.

టీమ్‌లో సెలవులు చూసేది నేనే కాబట్టి, సెప్టెంబరులో రెండు రోజులు తీసుకో, అమ్మను సముద్రానికి తీసుకుపో అని నేనే వాడి వెంటపడ్డాను. పిల్లల బడి మొదలైంది. ఒక శనివారం బయలుదేరబోతే చిన్నవాడికి జ్వరం. తర్వాత వానలు. పెద్దమ్మ మా ఇంటికి రావడం మానలేదు, మా ఆవిడతో కూర్చుని మాట్లాడేది. నన్ను చూస్తే "తిన్నావా నాయనా?" అనేది. ఇంకేదీ అడిగేది కాదు. "ఎంత?" అన్న మాట ఆమె నోట మళ్లీ వినలేదు. వీసా గడువు అయ్యేలోపు, చలి బాగా ముదరకముందే వెళ్లిపోయింది. హీత్రూ ఎయిర్‌పోర్టుకి వాళ్లు సామాను కారెక్కిస్తుంటే నేనూ ఒక పెట్టె పట్టాను. నీలం బూట్లు గుమ్మం పక్కనే ఉన్నాయి. "బరువు ఎక్కువైతాది" అందట.

మా నాయన రాత్రి అంగడి మూసేముందు ఆ రోజు లెక్క నోటితోనే చెప్పేవాడు, లాభమైనా నష్టమైనా గొంతు ఒక్కలాగే ఉండేది. నాకు ఆ గొంతు రాదు గానీ, చెబుతాను.

పెట్టుబడి ఐదు పౌండ్లు. వచ్చింది మూడు. షెడ్‌లో నాలుగు కొత్త సీసాలు, నేను వాడింది ఒకటి, ఆమె తుడిచి ఇచ్చింది ఒకటి. వెల ఏమీ లేదు, వాటిని ఎవరికీ అమ్మను. చక్కెర ఎంత పోయిందో చూడలేదు. ఇది వస్తువు లెక్క, ఇందులో నష్టం చిన్నది. కొసరు లెక్క వేరు. అందులో ఒక వాచిన వేలు ఉంది. కిటికీ దగ్గర ఆ కుర్చీ ఉంది. కొడుకు మాట కాదని నా మాట పట్టుకున్న నమ్మకం ఉంది. పాదాలు తడవని ఒక సముద్రం ఉంది. కొడుకు దగ్గర నా పరువు కాపాడటానికి ఆమె మింగిన నిజం ఉంది, దాన్ని నేను ఇప్పటికీ వాడికి చెప్పలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె కళ్లలో నీళ్లు వచ్చేంత సంతోషం కలిగింది కదా, దాన్ని ఇందులోంచి తీసేద్దామా అని చాలాసార్లు చూశాను. కుదరలేదు. దాన్ని ఇచ్చింది పురుగు, వెనక్కి తీసుకున్నది నేను. మొత్తం నా పేరు మీదే ఉంది.